పండుగలో మీ పని ఏమిటి?

పెళ్ళింట్లో ఒక సంగతి మీరు గమనించే ఉంటారు. దూరపు చుట్టం ఒకాయన వస్తాడు. కుర్చీలో కూర్చుంటాడు. భోంచేస్తాడు. అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు. నెల తిరిగేసరికి ఆ పెళ్ళి ఆయనకి గుర్తుండదు. అదే పెళ్ళిలో ఒక పదిహేనేళ్ళ కుర్రాడి చేతికి సాంబారు బకెట్ ఇచ్చి, "నాన్నా, ఆ వరస నువ్వు చూసుకో" అన్నారనుకోండి. వాడి చొక్కా నిండా మరకలు పడతాయి. కాళ్ళు లాగేస్తాయి. కానీ వాడు పెద్దవాడయ్యాక కూడా, "మా అక్క పెళ్ళిలో వడ్డన నేనే చేశాను" అని చెప్పుకుంటాడు. ఆ పెళ్ళి వాడి సొంతమైపోయింది.

ఈరోజు నేను మీకు చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. చేతికి పని ఇచ్చిన పండుగ నిలబడుతుంది. ఊరికే చూసి వెళ్ళమన్న పండుగ పలచబడిపోతుంది. మరోసారి చెబుతాను. చేతికి పని ఇచ్చిన పండుగ నిలబడుతుంది. ఈ మాట ఎంత నిజమో, కొన్ని దేశాల వాళ్ళు తమ పాలక పునీతుల పండుగలు ఎలా చేసుకుంటారో చూస్తే తెలుస్తుంది.

పాలక పునీతులంటే ఎవరు? క్రైస్తవుల్లో, ముఖ్యంగా కథోలిక, ఆర్థడాక్స్ సంఘాల వాళ్ళలో ఒక నమ్మకం ఉంది. పుణ్యజీవితం గడిపి వెళ్ళిపోయిన మహానుభావులు పరలోకం నుంచి మన తరఫున దేవుణ్ణి వేడుకుంటారని వాళ్ళు నమ్ముతారు. అలా దేశానికి ఒకరు అండగా ఉంటారు. ఊరికి ఒకరు ఉంటారు. వృత్తికి కూడా ఒకరు ఉంటారు. వాళ్ళే పాలక పునీతులు. ఏడాదిలో ఒక రోజు వాళ్ళ పండుగ వస్తుంది.

ముందుగా ఐర్లండ్ వెళదాం. ఐర్లండ్ పాలక పునీతుడు పాట్రిక్. ఆయన పండుగ మార్చి 17న.

పాట్రిక్ 5వ శతాబ్దం మనిషి. ఆయన ఐర్లండ్‌లో పుట్టలేదు. బ్రిటన్‌లో పుట్టాడు. పదహారేళ్ళ వయసులో ఐర్లండ్ దోపిడీగాళ్ళు ఆయన్ని ఎత్తుకుపోయారు. పరాయి దేశంలో బానిసగా మందలు కాశాడు. ఆరేళ్ళు అలా గడిచాయి. ఆ తరవాత తప్పించుకుని, ఓడ ఎక్కి, ఇల్లు చేరాడు. ఈ సంగతులన్నీ ఆయన స్వయంగా రాసుకున్నాడు. ఆ రాత ఇప్పటికీ ఉంది. ఇల్లు చేరినవాడు హాయిగా ఇంట్లో ఉండిపోవచ్చు. కానీ ఆయన మళ్ళీ ఐర్లండ్ వెళ్ళాడు. తనని బానిసను చేసిన జనానికే దేవుడి మాట చెప్పడానికి వెళ్ళాడు. అందుకే ఆ జనం ఆయన్ని ఈనాటికీ మరిచిపోలేదు.

మార్చి 17న ఐర్లండ్ వాళ్ళు చర్చికి వెళతారు. వెళ్ళేముందు చొక్కాకి షామ్‌రాక్ గుచ్చుకుంటారు. షామ్‌రాక్ అంటే మూడాకుల చిన్న మొక్క. గడ్డిలో కలిసి పెరుగుతుంది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్క దేవుడే అన్న మాటని పాట్రిక్ ఈ మూడాకులు చూపించి బోధించాడని జనం కథగా చెప్పుకుంటారు. చూడండి, ఎంత సులువైన పని! ఇంటి బయటికి వెళ్ళి నాలుగు ఆకులు కోసుకు రావాలి. కాసులేనివాడు చేయగలడు. ఐదేళ్ళ పిల్ల చేయగలదు. ఆ ఆకు చొక్కా మీదికి ఎక్కిందంటే ఆ మనిషి పండుగలో చేరిపోయినట్టే.

ఐర్లండ్‌లో 1845లో బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. ఏళ్ళ తరబడి కరువు నడిచింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఇంకో పది లక్షల మంది దేశం వదిలి ఓడలెక్కారు. ఎక్కువమంది అమెరికా చేరారు. అక్కడ వాళ్ళని చిన్నచూపు చూసినవాళ్ళు చాలామంది. న్యూయార్క్‌లో మార్చి 17 ఊరేగింపు 1762 నుంచే ఉంది. కరువు తరవాత వచ్చిన ఈ జనంతో అది ఏటేటా పెరిగి పెద్దదైంది. "మేమూ ఉన్నాం, ఇదిగో ఇంతమందిమి" అని చెప్పడానికి వాళ్ళు వీధిలో నడిచారు. ఊరేగింపులో నడవడం కూడా ఒక పనే. పక్కన నిలబడి చూసేవాడికంటే నడిచేవాడికి అది ఎక్కువగా గుర్తుంటుంది.

షికాగోలో అయితే ఆ పండుగకి నదినే పచ్చగా మారుస్తారు. 1962లో మొదలైంది ఆ అలవాటు. మొదలుపెట్టింది పైపులు బిగించే కార్మికుల సంఘం వాళ్ళు. నదిలోకి ఎక్కడినుంచి మురుగు కలుస్తోందో కనిపెట్టడానికి వాళ్ళు నీళ్ళలో ఒక రంగు కలిపేవారు. ఆ రంగు నీళ్ళలో పచ్చగా కనబడేది. అదే వాళ్ళ పండుగ కానుక అయింది. ఇప్పటికీ ఆ సంఘం వాళ్ళే పడవలెక్కి రంగు కలుపుతారు. తమకి చేతనైన పనినే పండుగలోకి తెచ్చారు వాళ్ళు.

ఐర్లండ్ చిన్న ఊళ్ళలో ఊరేగింపు చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. బడి పిల్లల బ్యాండు నడుస్తుంది. ఊరి ఆటగాళ్ళ జట్టు నడుస్తుంది. అగ్నిమాపక వాహనం వస్తుంది. రైతులు ట్రాక్టర్లు కడిగి, అలంకరించి, తోలుకొస్తారు. సగం ఊరు నడుస్తుంటే మిగతా సగం ఊరు చప్పట్లు కొడుతుంది. ప్రతి ఇంటి మనిషీ ఆ వరసలో ఎక్కడో ఒకచోట ఉంటాడు.

ఇక పక్కనే ఉన్న వేల్స్ వెళదాం. వేల్స్ పాలక పునీతుడు డేవిడ్. 6వ శతాబ్దం నాటి సన్యాసి. ఆయన పండుగ మార్చి 1న. ఆకుకూరలు తిని, నీళ్ళు తాగి బతికాడంటారు. తన చివరి బోధలో ఆయన శిష్యులకి చెప్పిన మాట ఒకటి వేల్స్ జనం నోళ్ళలో ఈనాటికీ ఉంది. చిన్న చిన్న పనుల్ని శ్రద్ధగా చేస్తూ ఉండండి అన్నది ఆ మాట సారాంశం.

వేల్స్‌లో మార్చి 1న ప్రభుత్వ సెలవు లేదు. బళ్ళు తెరిచే ఉంటాయి. ఆ పండుగకి అదే మేలు చేసిందని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఆ పండుగ బడిలోనే జరుగుతుంది. ఆడపిల్లలు పాతకాలపు గళ్ళ శాలువా కప్పుకుని, నల్లని పొడుగు టోపీ పెట్టుకుని వస్తారు. మగపిల్లలు చొక్కాకి లీక్ కాడ గుచ్చుకుని వస్తారు. లీక్ అంటే ఉల్లికాడ జాతిదే, కాస్త లావుగా ఉంటుంది. కొందరు పసుపుపచ్చని డాఫొడిల్ పువ్వు పెట్టుకుంటారు. బడిలో పోటీలు పెడతారు. వేల్స్ భాషలో పాటలు, పద్యాలు, వక్తృత్వం. ఆ పోటీల కోసం పిల్లలు ముందునుంచీ సాధన చేస్తారు. పద్యం రాని పిల్లకి అమ్మమ్మ నేర్పుతుంది. ఆ రోజు ఇంట్లో మాంసం, లీక్, బంగాళాదుంప వేసి పులుసు కాస్తారు. ఇంగ్లీషు చుట్టుముట్టినా వేల్స్ భాష బతికి ఉందంటే, అందులో ఇలాంటి బడి పండుగలకీ భాగం ఉంది. భాషని కాపాడండి అని ఉపన్యాసం ఇస్తే పిల్లలు వినరు. ఇదిగో ఈ పద్యం నువ్వు చదవాలి అని పని చెబితే, వాళ్ళు భాషని నేర్చుకుంటారు.

ఇప్పుడు స్కాట్లాండ్ సంగతి చూద్దాం. అక్కడి పాలక పునీతుడు ఆండ్రూ. యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకరు. పండుగ నవంబరు 30న. స్కాట్లాండ్ జెండా మీద ఉన్నది ఆయన సిలువే. 2007లో ఆ రోజుని సెలవుగా ప్రకటిస్తూ చట్టం చేశారు. కానీ సెలవు ఇచ్చి తీరాలని యజమానులకి నిర్బంధం లేదు. మరి స్కాట్లాండ్ ఇళ్ళలో ఎక్కువ సందడి ఎప్పుడు? జనవరి 25న. అది రాబర్ట్ బర్న్స్ అనే వాళ్ళ కవి పుట్టినరోజు. ఆ రాత్రి బంధువులూ స్నేహితులూ ఒకచోట భోజనానికి కూర్చుంటారు. ఒకరు వంటకాన్ని పళ్ళెంలో పట్టుకొస్తారు. ఒకరు దాని ముందు నిలబడి కవిత చదువుతారు. ఒకరు కవి గురించి మాట్లాడతారు. ఇంకొకరు పాట అందుకుంటారు. అందరికీ తలా ఒక పని. ఇక్కడే మన మాట మళ్ళీ వినబడుతోంది. చట్టం సెలవు ఇవ్వగలదు. పండుగని నిలబెట్టేది మాత్రం చేతికిచ్చిన పనే.

ఇంకో చోటు చూద్దాం. స్పెయిన్ దేశంలో కటలోనియా అనే ప్రాంతం ఉంది. దాని ముఖ్య నగరం బార్సిలోనా. కటలోనియా పాలక పునీతుడు జార్జి. వాళ్ళ భాషలో జోర్డి అంటారు. పండుగ ఏప్రిల్ 23న. ఒక డ్రాగన్ ఊరిని పీడిస్తుంటే, జార్జి గుర్రం మీద వచ్చి దాన్ని చంపి రాకుమారిని కాపాడాడని కథ. డ్రాగన్ నెత్తురు పడ్డచోట గులాబీ మొక్క మొలిచిందట. అందుకని ఆ రోజు ఇష్టమైనవాళ్ళకి ఒక ఎర్ర గులాబీ ఇస్తారు. గులాబీతో పాటు ఒక గోధుమ వెన్ను కూడా కడతారు.

గులాబీ ఇవ్వడం పాత ఆచారం. దానికి 20వ శతాబ్దంలో ఇంకొకటి తోడైంది. విసెంట్ క్లావెల్ అనే ప్రచురణకర్త ఏడాదికొక పుస్తకాల పండుగ పెట్టాలని ప్రయత్నించి, 1926లో సాధించాడు. మొదట అది అక్టోబరులో జరిగేది. 1930లో దాన్ని ఏప్రిల్ 23కి మార్చారు. అంతే. పునీతుడి పండుగా, పుస్తకాల పండుగా కలిసిపోయాయి. గులాబీ ఇవ్వాలి. పుస్తకం ఇవ్వాలి. వెనకటి రోజుల్లో మగవాళ్ళు గులాబీ ఇస్తే ఆడవాళ్ళు పుస్తకం ఇచ్చేవారు. ఇప్పుడు ఆ తేడా పోయింది. ఎవరైనా ఎవరికైనా రెండూ ఇస్తున్నారు.

ఆ రోజు కూడా అక్కడ సెలవు లేదు. జనం ఆఫీసుకి వెళుతూ ఒక గులాబీ కొంటారు. తిరిగొస్తూ ఒక పుస్తకం కొంటారు. బార్సిలోనా వీధుల నిండా బల్లలు వేసి పుస్తకాలు పరుస్తారు. రచయితలు కూర్చుని సంతకాలు పెడతారు. విద్యార్థులు గులాబీలు అమ్మి తమ విహారయాత్రకి డబ్బులు కూడబెట్టుకుంటారు. పుస్తకాల కొట్టువాళ్ళకి ఏడాది మొత్తంలో అదే పెద్ద బేరం. స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో పాలించిన కాలంలో కటలన్ భాషని బహిరంగంగా వాడనివ్వలేదు. అయినా ఆ పుస్తకాల రోజు బతికి బయటపడింది. 1995లో యునెస్కో ఏప్రిల్ 23ని ప్రపంచ పుస్తక దినంగా ప్రకటించింది. ఈరోజు మన తెలుగు ఊళ్ళలో గ్రంథాలయాలు కూడా ఆ దినాన్ని జరుపుతున్నాయి. ఒక ప్రాంతం వాళ్ళు తమ పునీతుడి పండుగలో చేతికిచ్చిన ఒక చిన్న పని, ప్రపంచమంతా పాకి మన దాకా వచ్చింది.

ఇప్పుడు పోర్చుగల్ వెళదాం. లిస్బన్ నగరం. జూన్ 13న పునీత అంతోనివారి పండుగ. ఆయన లిస్బన్‌లోనే పుట్టాడు. 1231లో ఇటలీలోని పాదువా దగ్గర కన్నుమూశాడు. మన కథోలిక కుటుంబాల్లో అంతోని అనే పేరు ఎంత ఉందో మీకు తెలుసు. ఆ పేరు ఈయనదే. అధికారికంగా లిస్బన్ పాలక పునీతుడు విన్సెంట్. కానీ జనం గుండెల్లో పీట వేసుకుని కూర్చున్నవాడు అంతోనివారు.

జూన్ 12 రాత్రి లిస్బన్ నిద్రపోదు. ఇరుకు సందుల్లో ఇంటి ముందే నిప్పులు రాజేసి, సార్డీన్ చేపలు కాలుస్తారు. ఒక్కో పేట నుంచి ఒక్కో బృందం పెద్ద వీధిలో పాడుతూ ఆడుతూ నడుస్తుంది. ఆ పాట, ఆ బట్టలు, తలమీద పట్టుకునే ఆ కమానులు అన్నీ ఆ పేట వాళ్ళు ఏర్పాటు చేసుకున్నవే. ఇష్టమైనవాళ్ళకి చిన్న కుండీలో ఒక రకం తులసిజాతి మొక్క ఇస్తారు. దానికి ఒక కాగితపు పువ్వు, నాలుగు పంక్తుల కవిత గుచ్చుతారు.

అక్కడి పిల్లల పని ఒకటి నాకు ఎంతో ఇష్టం. 1755లో లిస్బన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. అంతోనివారి చర్చి కూలిపోయింది. దాన్ని మళ్ళీ కట్టడానికి పిల్లలు కూడా వీధుల్లో నిలబడి, "అంతోనివారికి ఒక్క నాణెం ఇవ్వండి" అని అడిగారని చెప్పుకుంటారు. ఆ తరవాత కూడా పిల్లలు తమ గుమ్మాల ముందు చిన్న చిన్న పీఠాలు అలంకరించి, వచ్చేపోయేవాళ్ళని నాణెం అడగడం ఆచారమైంది. చర్చి కట్టడంలో పిల్లల చెయ్యి ఉంది. ఆ పిల్లలు పెద్దవాళ్ళై ఆ చర్చి ముందునుంచి నడిచినప్పుడు ఎంత గర్వపడి ఉంటారు!

చివరగా సెర్బియా వెళదాం. అక్కడ దేశానికి ఒక పునీతుడు ఉండడమే కాదు, ఇంటింటికీ ఒక పునీతుడు ఉంటాడు. ఆయన పండుగని స్లావా అంటారు. తండ్రి నుంచి కొడుక్కి ఆ పండుగ వారసత్వంగా వస్తుంది. ఎక్కువ ఇళ్ళలో నికొలస్ పునీతుడి పండుగ చేస్తారు. వాళ్ళ పాత పంచాంగం ప్రకారం అది డిసెంబరు 19న వస్తుంది. 2014లో యునెస్కో ఈ స్లావాని మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

స్లావాకి కావలసినవి నాలుగు. ఒక కొవ్వొత్తి. ఒక రొట్టె. ఉడకబెట్టి పంచదారా వాల్‌నట్లూ కలిపిన గోధుమలు. కాస్త ఎర్ర ద్రాక్షరసం. రొట్టెని ఇంట్లో కాలుస్తారు. పిండితోనే పూలు, పిట్టలు, ద్రాక్షగుత్తులు చేసి దానిమీద అతుకుతారు. ఇంటి యజమాని, కుటుంబం, ఫాదరు అందరూ కలిసి ఆ రొట్టెని తిప్పి, కోసి, విరుస్తారు. గుమ్మంలోకి వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు ఒక చెంచా గోధుమలు తినాలి. నికొలస్ పండుగ వాళ్ళ ఉపవాస దినాల్లో వస్తుంది కాబట్టి ఆ రోజు మాంసం, పాలు, వెన్న ఉండవు. చేపలతో విందు.

స్లావాకి పిలుపులు ఉండవు. ఆ ఇంటి పండుగ ఎప్పుడో తెలిసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. తలుపు తీసే ఉంటుంది. ఇంటి యజమాని ఆ రోజు కూర్చోడు. నిలబడి వచ్చినవాళ్ళకి వడ్డిస్తాడు. సెర్బియా యుగోస్లావియాలో భాగంగా ఉన్న రోజుల్లో, కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్నన్నాళ్ళూ మతపరమైన ఆచారాలకి ఆదరణ లేదు. అయినా స్లావా పోలేదు. ఎందుకు పోలేదు? అది వంటింట్లో ఉంది కాబట్టి. అమ్మ చేతిలో పిండి ఉంది. నాన్న చేతిలో కొవ్వొత్తి ఉంది. పిల్లల చేతిలో గోధుమల గిన్నె ఉంది. ఇన్ని చేతుల్లో ఉన్నదాన్ని ఎవరూ లాక్కోలేరు.

ఇంతవరకూ ఐదారు చోట్లకి వెళ్ళొచ్చాం. ఐర్లండ్‌లో ఆకు. వేల్స్‌లో పద్యం. బార్సిలోనాలో గులాబీ, పుస్తకం. లిస్బన్‌లో పిల్లల నాణెం. సెర్బియాలో గోధుమలు. ఖరీదైనది ఒక్కటైనా ఉందా? చిన్నపిల్లలకి చేతకానిది ఏదైనా ఉందా? లేదు. పని చిన్నదిగా ఉండాలి. అందరికీ అందాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి కూడా అందాలి.

ఇక మన దగ్గరికే వద్దాం. మన విజయవాడ గుణదల కొండ మీకు తెలుసు. 1924లో ఫాదర్ అర్లాటి అక్కడ లూర్దు మాత స్వరూపాన్ని నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా ఉత్సవం. ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే బాలికకి మరియతల్లి కనబడ్డారన్నది విశ్వాసం. ఆ పండుగ ఇక్కడికి వచ్చి మన పద్ధతిలో కలిసింది. జనం కొండ మెట్లెక్కుతారు. కొవ్వొత్తులు వెలిగిస్తారు. కొబ్బరికాయలు సమర్పిస్తారు. మొక్కున్నవాళ్ళు తలనీలాలు ఇస్తారు. ఏ మతం వాళ్ళయినా వస్తారు. వచ్చిన ప్రతి మనిషికీ అక్కడ చేయడానికి ఏదో ఒకటి ఉంది. ఆ ఉత్సవం ఇంత బలంగా ఉండడానికి అదొక కారణం అనుకుంటాను.

కానీ ఈమధ్య చాలా ఊళ్ళలో పండుగ కాంట్రాక్టుకి వెళ్ళిపోతోంది. పందిరి ఒకరికి. దీపాలు ఒకరికి. భోజనాలు ఒకరికి. పాటలకి పెద్ద పెద్ద స్పీకర్లు. చందా ఇచ్చేస్తే మన బాధ్యత తీరిపోతోంది. పిల్లలు ఫోన్లు పట్టుకుని ఒక పక్కన నిలబడతారు. వాళ్ళని తప్పు పట్టకండి. మనం వాళ్ళకి ఏ పనీ చెప్పలేదు.

అందుకని మీకు ఒక విన్నపం. మీ ఊరి జాతరకో, మీ చర్చి పండుగకో, దర్గా ఉరుసుకో, అపార్ట్‌మెంట్ వినాయక చవితికో పెద్దలు కూర్చున్నప్పుడు ఖర్చుల లెక్క రాస్తారు కదా. ఆ కాగితం మీదే ఇంకో లెక్క కూడా రాయండి. ఎవరికి ఏ పని? పదేళ్ళ లోపు పిల్లలు పూలు గుచ్చుతారు. కుర్రాళ్ళు మంచినీళ్ళు అందిస్తారు. వయసు మళ్ళినవాళ్ళని చెయ్యిపట్టి మెట్లెక్కిస్తారు. అమ్మమ్మలూ తాతయ్యలూ ఆ పండుగ కథని సాయంత్రం పిల్లలకి చెబుతారు. మొన్ననే అద్దెకి దిగిన కుటుంబం ఉంటుంది. వాళ్ళకి ఎవరూ తెలియదు. వాళ్ళ తలుపు తట్టి, "అమ్మా, ప్రసాదం పంచడానికి మీరు కూడా ఒక చెయ్యి వేయండి" అని అడగండి. అమెరికాలోనో, బ్రిటన్‌లోనో ఉంటూ ఈ ప్రసంగం వింటున్న తెలుగువాళ్ళకీ ఇదే మాట. మీ పిల్లల్ని వేదిక ముందు కుర్చీల్లో కూర్చోబెట్టకండి. వాళ్ళ చేతికి పద్యం ఇవ్వండి. పిండి ఇవ్వండి. వడ్డించే గరిటె ఇవ్వండి.

పని చెప్పినప్పుడు కొన్ని తప్పులు జరుగుతాయి. దండ వంకరగా రావచ్చు. పులిహోర కింద పడొచ్చు. పరవాలేదు. కాంట్రాక్టరు చేసిన తీరైన పనికంటే, మన పిల్లలు చేసిన వంకర పనే పండుగని పదికాలాలపాటు నిలబెడుతుంది.

చేతికి పని ఇచ్చిన పండుగ నిలబడుతుంది. వచ్చే పండుగకి మీ ఇంట్లో ఎవరికి ఏ పనో ఈ సాయంత్రమే మాట్లాడుకోండి.